పోలమ్మ చేతి బోణీ

ఆ శనివారం పొద్దున్న రత్నం ఎప్పటికంటే ముందే లేచింది. ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్ల మీద మంచు ఇంకా విడలేదు. యార్డులో ఎక్కడో వేగన్లు గుద్దుకుంటున్న చప్పుడు తప్ప వీధిలో అలికిడి లేదు. కుంపటి రాజేసి, టీ నీళ్ళు పడేసి, గోనెసంచి పట్టుకుని వరండాలోకి వచ్చింది. అక్కడ నులకమంచం మీద ఆడబడుచు పోలమ్మ అప్పటికే లేచి, దుప్పటి మడతపెట్టుకుని కూర్చుని ఉంది.

"లెగిసినావా వదినా? బేగి బజారుకెల్లి రా. ఫుల్‌కోపీ కావాల. మీ తమ్ముడికి ఇష్టం కదా" అంది రత్నం.

"అలగేనమ్మా. ఇంకేటి తేవాల?" పోలమ్మ దగ్గు ఆపుకుంటూ అడిగింది.

"నీకు నచ్చినవి తే. కంగారేటీ లేదు, నిమ్మళంగా రా. ఎండెక్కినా పర్లేదు."

నిన్న పోలమ్మే తెచ్చిన ఫుల్‌కోపీ, అదే కాలీఫ్లవర్, వంటింట్లో బుట్టకింద ముట్టుకోకుండా ఉంది. సంచి చేతికిచ్చాక రత్నానికి ఆ సంగతి గుర్తొచ్చింది. వయసు మీద పడింది కదా, వదిన మరిచిపోయి ఉంటుందిలే అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మనకి కావలసినప్పుడు ఎదుటివాళ్ళని ఎంత సులువుగా మతిమరుపు మనుషుల్ని చేసేస్తామో!

పోలమ్మ రత్నం భర్త జగ్గారావుకి అక్క. ఆమె భర్త నూకరాజు లోకో షెడ్డులో పనిచేస్తూండగానే జ్వరం తగిలి పోయాడు. పిల్లల్లేరు. ఆ దుఃఖంలోనే పోలమ్మ షెడ్డు సాహెబు బంగళా మెట్ల దగ్గర కూర్చుని, పొమ్మన్నా పోకుండా, కాళ్ళావేళ్ళా పడి, భర్త పోయిన చోట తమ్ముణ్ణి ఖలాసీగా పెట్టించింది. విజయనగరం పక్క పల్లెలో పనీపాటా లేక తిరుగుతున్న జగ్గారావు అలా ఖరగ్‌పూర్ వచ్చాడు. ఖలాసీ ఫిట్టరయ్యాడు, పెళ్ళయింది, కూతురు పైడితల్లి పుట్టింది. ఇవాళ వర్క్‌షాపులో మిస్త్రీ పరీక్షకి కూర్చుంటున్నాడు.

పోయినసారి ఇదే పరీక్షకి బయల్దేరినప్పుడు పోలమ్మ ఖాళీ బిందెతో గేటు దగ్గర ఎదురైంది. బొట్టు లేని మొహం, గాజుల్లేని చేతులు. జగ్గారావు ఆ పరీక్ష తప్పాడు. "ఎదురొచ్చింది మరి" అని రత్నం నలుగురిలో అన్నది. జగ్గారావు విన్నాడు, కాదనలేదు. అంతే. ఎవరూ కూర్చుని నిర్ణయించింది లేదు గానీ, అప్పట్నుంచీ ఆ ఇంట్లో మంచిరోజంటే పోలమ్మకి బజారు రోజు. పైడితల్లి పెద్దమనిషి అయిన వేడుకనాడు, కొత్త సైకిలు కొన్ననాడు, పూజలు చేసుకున్ననాడు పోలమ్మ చీకటితోనే సంచి పట్టుకుని వెళ్ళిపోయేది. అంతా అయిపోయాక కూరలు మోసుకుని వచ్చేది.

జగ్గారావు తయారై గుమ్మంలోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"అప్ప ఎల్లిందా?"

"ఎప్పుడో ఎల్లిపోనాది" అంది రత్నం. నిండు బిందె చంకనెత్తుకుని, కుంకుమ బొట్టు సరిచేసుకుని, కుళాయి దగ్గర్నుంచి తనే ఎదురు వచ్చింది. జగ్గారావు తృప్తిగా సైకిలెక్కాడు.

గోడకానుకుని జడ అల్లుకుంటున్న పైడితల్లి ఇదంతా చూస్తూనే ఉంది. రైల్వే స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, నోరు ఊరుకోదు.

"అత్త రాత్రంతా దగ్గినాదమ్మా. ఈ మంచులో పంపినావేటి?"

"కూరలు నువ్వు తెస్తావా?"

"కూరలకే పంపినావా?" అంది పైడితల్లి. రత్నం కసురుకుంది గానీ కూతురి కళ్ళలోకి చూడలేదు.

సైరన్ కూసింది. పైడితల్లి స్కూలుకి పోయింది. మంచు విడి ఎండ వరండా దాకా వచ్చినా పోలమ్మ రాలేదు. నిమ్మళంగా రమ్మన్నది తనే అయినా రత్నానికి మనసులో గుబులుగా ఉంది. ఆ దగ్గుతో దారిలో ఎక్కడైనా పడిపోయిందా? అలాంటిదేమైనా జరిగితే నలుగురూ ఏమంటారు? ముందు నలుగురి మాటే గుర్తొచ్చింది ఆమెకి, వదిన తర్వాత గుర్తొచ్చింది. తలుపు గొళ్ళెం పెట్టి గోల్‌బజార్ దారి పట్టింది.

బజారుకి వెళ్ళడం రత్నానికి అలవాటు లేదు. కాపురానికి వచ్చినప్పట్నుంచీ ఆ పని వదినదే. బట్టల కొట్లు, చేపల సందు దాటి వెళ్తే చివర్న రైతుల వరస. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తొలి లోకల్ బండికి బుట్టలు దించుకుని, గోనెపట్టాలు పరచుకుని అక్కడ కూర్చుంటారు. తడి ఆరని పాలకూర, మట్టి వదలని ముల్లంగి, వంకాయలు, చిక్కుళ్ళు. రిక్షా గంటలు, బేరాల కేకలు. ఆ గోలలో రత్నానికి ఎవరో "దీదీ! పోలా దీదీ!" అని పిలవడం వినిపించింది.

గుమ్మడికాయల బండి చాటునుంచి చూసింది. వరస చివర పోలమ్మ ఉంది. ఒక ముసలి రైతు ఆమెని చెయ్యి ఊపి పిలుస్తున్నాడు. ఆలస్యపు బండికి వచ్చాడు కాబోలు, బుట్ట మీద తడిగుడ్డ అప్పుడే తీస్తున్నాడు. పోలమ్మ నవ్వుతూ వెళ్ళి గుప్పెడు పచ్చిమిరపకాయలు తీసుకుని నాణెం ఇచ్చింది. ఆ ముసలాయన నాణేన్ని బుట్టకి తాకించి, కళ్ళకద్దుకుని, అప్పుడు గొంతెత్తి కూరగాయల పేర్లు అరవడం మొదలుపెట్టాడు.

రత్నం నోరు తెరుచుకుని ఉండిపోయింది. బోణీ! వదిన చేత బోణీ చేయించుకుంటున్నారు! ఇంట్లో కొత్త కుండలో తొలిసారి బియ్యం పొయ్యడానికి కూడా తను ఆమెని ముట్టుకోనివ్వదే!

పోలమ్మకి దగ్గు తెర వచ్చింది. మంచినీళ్ళ కుళాయి వైపు నడిచింది. రత్నం చాటునుంచి బయటికొచ్చి, పోలమ్మ సంచి ఉన్న గోనెపట్టా దగ్గర నిలబడింది. అక్కడ తెల్లచీర కట్టుకున్న ఒక బెంగాలీ ఆవిడ కాలీఫ్లవర్లు పేర్చుకుని కూర్చుని ఉంది. పేరు దులాలి అని తర్వాత తెలిసింది. బజార్లో అందరిలాగే బెంగాలీలో తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"రా దీదీ, పువ్వు చూడు, పాలలా ఉంది" అంది.

"బోణీ అయిందా?" రత్నం ఏదో ఒకటి అడగాలని అడిగింది.

"ఎప్పుడో అయింది. మా పోలా దీదీ చేసింది. ఆమె చెయ్యి పడితే నా బుట్ట మిగలదు."

"ఆమెకి… మగడు లేడు కదా."

దులాలి నవ్వి తన రెండు చేతులూ ముందుకు చాపింది. పెళ్ళైన బెంగాలీ ఆడవాళ్ళు వేసుకునే శంఖు గాజుల్లేవు, ఏమీ లేవు. "నాకూ లేడు. మరి నా బుట్ట నేను ముట్టుకోవద్దా? ఆమె కూడా మొదట్లో నీలాగే అంది. నన్ను బోణీ అడక్కు, నీ సరుకు మిగిలిపోతుంది అని ఏడ్చింది. నేను వినలేదు. ఆ రోజు అందరికంటే ముందు నా బుట్టే ఖాళీ అయింది. అప్పట్నుంచీ ఈ వరసంతా ఆమె కోసం చూస్తుంది."

దులాలి కాలీఫ్లవర్ల మీద నీళ్ళు చిలకరిస్తూ చెప్పుకుపోయింది.

"కొన్ని రోజులు మరీ చీకటితో వస్తుంది. మా బండి కూడా రాదు అప్పటికి. ఒక్కతే చలిలో కూర్చుని ఉంటుంది. ఎందుకు దీదీ అంటే, మా ఇంట్లో ఇవాళ మంచిపని ఉంది, నేను ఇక్కడుంటే అక్కడ బాగా జరుగుతుంది అంటుంది. ఇవాళ తమ్ముడికేదో పరీక్షట. వర్క్‌షాపు సైరన్ కూసేదాకా చేతులు జోడించుకునే ఉంది పాపం. ఏం ఇల్లో అది! ఇంత మంచి మనిషిని పండగపూటల్లా తరిమేస్తారు. నువ్వూ తెలుగుదానివే కదా, వాళ్ళు నీకు తెలుసా?"

రత్నానికి తల కొట్టేసినట్టయింది. నోరు తనంతట తనే అబద్ధమాడింది.

"తెలీదు."

అంటూనే వెనక్కి తిరిగింది. తడిసిన మొహం కొంగుతో తుడుచుకుంటూ పోలమ్మ నిలబడి ఉంది. వింది. వినలేదనుకోవడానికి వీల్లేనంత దగ్గరగా ఉంది.

దులాలి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "దీదీ, ఈమె నీకు తెలుసా?"

పోలమ్మ ఒక్క క్షణం రత్నం మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపముంటే రత్నం తట్టుకునేదేమో. లేదు. రోడ్డు మీద కొంగు జారిన ఆడదానికి మరో ఆడది గబుక్కున అడ్డు నిలబడినట్టుగా చూసింది.

"మా పక్క లైన్లో ఉంటాది. ఎప్పుడైనా కనిపిస్తాది" అంది పోలమ్మ, సంచి తీసుకుంటూ.

ఇంటికి వచ్చే దారిలో రత్నం వెనకే నడిచింది. పక్కన నడవడానికి మొహం చెల్లలేదు. సంచి నేను పట్టుకుంటానని అడగబోయి మానేసింది. వదిన సంచిలో మరో కాలీఫ్లవర్ ఉంది. అడిగారు కదా అని కొన్నది. ఇంట్లో ఉందని ఆమెకి గుర్తు లేకపోవడమేమిటి? రత్నం ఆ రోజు అన్నం సయించక కంచం ముందునుంచి లేచిపోయింది.

సాయంత్రం జగ్గారావు రసగుల్లాల ముంతతో వచ్చాడు. సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి చేరేసి గట్టిగా పిలిచాడు.

"రత్నం! పైడీ! పాసైపోనాను! ఫోర్‌మన్ సాహెబు నోటితోనే సెప్పినాడు. సోమవారం నుంచి నాను మిస్త్రీ!"

ముంత మూత తీసి మొదటి రసగుల్లా భార్య నోటికి అందించబోయాడు. "నీ మొహం సూసి ఎల్లినాను. అందుకే అయింది."

రత్నం మొహం పక్కకి తిప్పుకుంది. "నా మొహం అంత గొప్పదేటీ కాదు. దాన్ని ఇవాళ బజార్లో సూసుకున్నాను."

"ఏటైంది?"

రత్నం చెప్పింది. దాచకుండా చెప్పింది. బోణీ సంగతి, దులాలి అడిగిన మాట, తను ఆడిన అబద్ధం, దానిమీద వదిన ఆడిన అబద్ధం. చెబుతూంటే ఏడుపొచ్చింది. జగ్గారావు మొహంలో సంతోషం ఆరిపోయింది. సిగ్గుపడవలసి వచ్చినప్పుడు చాలామంది మగవాళ్ళు చేసే పనే అతనూ చేశాడు, కోపం తెచ్చుకున్నాడు.

"నాను ఎప్పుడైనా మా అప్పని పొమ్మన్నానా? పంపింది నువ్వు! ఇప్పుడు నా మంచి పూట ఏడుపులు పెడతావేటి?"

"నువ్వు పొమ్మన్లేదు. గుమ్మంలో నిలబడి 'అప్ప ఎల్లిందా' అని అడిగినావు. అడగడం నీ వంతు, పంపడం నా వంతు. పాపంలో ఎవరి వాటా ఎంతో నువ్వే సెప్పు!"

"నోర్ముయ్!"

"నాన్నా," పైడితల్లి మెల్లగా అంది, "మావయ్య పోకపోతే నీకీ పని ఎక్కడిది? ఆయన పోతే మనకి అన్నం దొరికింది. అత్తకి మాత్రం అపశకునం అన్న పేరు దొరికింది."

జగ్గారావు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి కిందికి దించే దారి తెలియక అలాగే నిలబడ్డాడు. పెరటి గుమ్మంలోంచి పోలమ్మ వచ్చి పిల్లని తన వెనక్కి లాక్కుంది.

"ఒగ్గీ బాబూ. గుంటకేటి తెలుసు? నువ్వు కూడా ఊరుకో రత్నం. తప్పెవరిదీ కాదు. మీరు పంపకపోయినా నానే ఎల్లేదాన్ని."

"ఎందుకు వదినా?"

"నాకూ బయమే కదమ్మా" అంది పోలమ్మ. "బజార్లో వాళ్ళు బోణీ అంటారు. వాళ్ళ బుట్ట మిగిలిపోతే రేపు మళ్ళీ తెచ్చుకుంటారు. ఇక్కడ నాకున్నది ఒక్కడే. పోయినసారి నాను ఎదురొచ్చినాను, పోనాది. ఈసారి ఎల్లిపోనాను, అయింది. మరింక ఏటనుకోమంటావు?"

రత్నానికి అంతకంటే పెద్ద శిక్ష అక్కర్లేదనిపించింది. వదిన తమని తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తాము ఊరికే అనేసిన మాటని ఆవిడ నమ్మింది. నమ్మి, తమ్ముడి బాగుకోసం చలిలో కూర్చుంది. జగ్గారావు రసగుల్లాల ముంత కిందపెట్టి బయటికి పోయాడు. ఆ ముంత ఎవరూ ముట్టుకోలేదు.

ఆదివారం పోలమ్మకి రత్నం వేన్నీళ్ళు కాచి ఇచ్చింది, మిరియాల కషాయం చేసింది. "నన్ను క్షమించు వదినా" అనే మాట మాత్రం పెదాల దాకా వచ్చి వచ్చి తిరిగి పోయింది. కషాయం ఇచ్చినంత సులువు కాదు ఆ మాట. జగ్గారావు అక్కకి ఎదురుపడకుండా రోజంతా సైకిలు తుడుస్తూ కూర్చున్నాడు.

సోమవారం రత్నం లేచేసరికి నులకమంచం ఖాళీగా ఉంది. ఈసారి ఎవరూ పంపలేదు. కొత్త పనిలో చేరే రోజు కదా, పోలమ్మ తనంతట తనే వెళ్ళిపోయింది.

జగ్గారావు ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. నోరు అలవాటుగా "అప్ప…" అని ఆగిపోయింది. ఖాళీ మంచం కేసి చూశాడు. రత్నం బిందె ఎత్తలేదు. కుళాయి వైపు వెళ్ళలేదు. దారికడ్డంగా నిలబడింది.

"ఆమెని సూడకుండా నువ్వు పనిలోకి ఎల్లకు" అంది.

"ఎప్పుడొస్తాదో. సైరన్ అయితే గాని రాదు కదా."

"అందుకే మనమే ఎల్లాల."

జగ్గారావు వర్క్‌షాపు దారి వైపు చూశాడు. మొదటిరోజే ఆలస్యంగా వచ్చిన మిస్త్రీని ఖలాసీలు కూడా వెక్కిరిస్తారు. అయినా సైకిలు తిప్పాడు. "ఎక్కు" అన్నాడు. పెళ్ళైన కొత్తలో తప్ప ఎక్కని వెనక సీటు మీద రత్నం ఎక్కి కూర్చుంది.

రైతుల వరసలో పోలమ్మ దులాలి పక్కన ముడుచుకుని కూర్చుని ఉంది. తమ్ముణ్ణి అంత దూరాన చూడగానే కంగారుగా లేచి, కొంగు మొహం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది.

"ఇక్కడికెందుకొచ్చినావు? ఎల్లు నాయినా, ఎల్లు! నన్ను సూడకు!"

జగ్గారావు సైకిలు వదిలేసి ఆమె వెనక నిలబడ్డాడు. బజారు చూస్తోంది. వర్క్‌షాపుకి పోతున్న నలుగురైదుగురు ఆగి చూస్తున్నారు.

"అప్పా, ఇటు తిరుగు."

"వద్దు బాబూ. పనిలో నీకేటైనా అయితే నాను బతకను."

"నీ మొహం సూసే పనిలోకి ఎల్తాను. అందుకే వచ్చినాను" అన్నాడు. "పోయినసారి పరీక్ష నా చేతకానితనం వల్ల పోనాది. అది నీ మీద పడుతుంటే నోరు మూసుకుని సూసినాను. నాను మిస్త్రీనేటి అప్పా, మడిసినే కాను."

అప్పుడు సైరన్ కూసింది. పోలమ్మ ఉలిక్కిపడింది. "గేటు మూసేస్తారు, పరిగెత్తు!"

"మూసెయ్యనీ. నువ్వు తిరిగితే గాని కదల్ను."

సైరన్ ఆగిపోయింది. పోలమ్మ మెల్లగా, తప్పు చేస్తున్న పిల్లలా, తిరిగింది. కొంగు తొలగించింది. జగ్గారావు ఆ మొహాన్ని కళ్ళారా చూసి, వంగి ఆమె పాదాలు పట్టుకున్నాడు. పోలమ్మ చేతులు అతని తలమీద పెట్టబోయి, భయపడి ఆగి, చివరికి పెట్టింది.

దులాలి ఇంకా రత్నాన్నే చూస్తోంది. గుర్తుపట్టింది.

"నువ్వు మొన్న వచ్చినదానివి కదా? వాళ్ళు తెలీదన్నావే?"

రత్నం చుట్టూ చూసింది. రైతులు, బేరాలకి వచ్చినవాళ్ళు, నిమ్‌పురా వైపు వాళ్ళు ఒకరిద్దరు, అందరూ వింటున్నారు. నేల చూపులు చూస్తూనే, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"అబద్ధమాడినాను దీదీ. ఈమె మా వదిన. నువ్వు తిట్టిన ఆ ఇల్లు మాదే. పొద్దున్నే తరిమింది నానే."

పోలమ్మే ముందుకు వచ్చి రత్నం చెయ్యి పట్టుకుంది.

"పద" అంది. "ఇంటికెల్దాం."